గుమ్మం మీద సందు

చక్రపాణిగారు రోడ్లు భవనాల శాఖలో ముప్ఫైనాలుగేళ్లు ఇంజనీరుగా పనిచేసి, అటు రోడ్డున పడకుండా, ఇటు భవనమూ లేపకుండా రిటైరైన అరుదైన మనిషి. తెనాలిలో రెండు గదుల అపార్ట్‌మెంటు, ఒక పెన్షను, ఒక భార్య. అలాంటాయన 2009 జులైలో కనకదుర్గగారిని వెంటబెట్టుకుని, ఆరునెలల వీసా మీద, సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో కూతురు దమయంతి ఇంట్లో దిగారు. దిగిన వారంలోపే ఈ దేశంలో తాను ఎందుకూ పనికిరానని ఆయనకు రూఢి అయిపోయింది.

షవర్ తిప్పితే వేణ్ణీళ్లు వీపు మీద పడ్డాయి. చన్నీళ్లు ఎటు తిప్పాలో తెలిసేలోపు వీపు వేపుడైపోయింది. గరాజ్ తలుపు బటన్ నొక్కితే తెరుచుకుంది, మళ్లీ నొక్కితే మూసుకుంది, మూడోసారి నొక్కితే సగంలో ఆగి, అల్లుడు దామోదర్ ఆఫీస్ నుంచి వచ్చేదాకా అలా ఆవులిస్తూనే ఉంది. దామోదర్ మంచివాడు. "పర్లేదు మావయ్యగారూ, నేను చూసుకుంటాను" అనేవాడు ప్రతిదానికీ. అందులో కోపం లేదు, వెటకారం లేదు, అసలేమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే చక్రపాణిగారికి ముల్లులా దిగేది. ఒకప్పుడు ఆయన జీపు దూరాన కనిపిస్తే కాంట్రాక్టర్లు చొక్కా గుండీలు పెట్టుకునేవారు. ఇప్పుడు ఆయన హాల్లోకి వస్తే అల్లుడు రిమోట్లు ఏరి పై అరలో పెడుతున్నాడు.

ఈ దామోదర్‌కి ఒకటే పిచ్చి. కొండలకు అవతల, క్లీ ఎలమ్ అనే చిన్న ఊరి దగ్గర, పైన్ చెట్ల మధ్య దుంగలతో ఇల్లు కట్టిస్తున్నాడు. వీటిని లాగ్ హోమ్‌లంటారు. నాలుగేళ్లు ఊహల్లో లాగి లాగి, ఆ ఏప్రిల్‌లో నిజంగా దుంగలు తెప్పించాడు కాబట్టి పేరు సార్థకమే. ఇటుక లేదు, సిమెంటు లేదు. అడుగు మందం పచ్చిదుంగల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, మూలల్లో గాడి కోసి, ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చోబెట్టిన గోడలు. కప్పు పడింది. తలుపులూ కిటికీలూ బిగించారు. ఇక మిగిలింది ఫినిషింగ్. లోపల దుంగల్ని నునుపు చెయ్యాలి, బయట ఎండకూ వానకూ తట్టుకునే రంగునూనె పట్టించాలి, దుంగకీ దుంగకీ మధ్య గాలి దూరకుండా రబ్బరులా సాగే ముద్ద కూరాలి, తలుపులకీ కిటికీలకీ చుట్టూ అంచులు కప్పే ట్రిమ్ చెక్కలు కొట్టాలి, మెట్లకు చెట్టుకొమ్మలతోనే కటకటాలు పెట్టాలి. ఫినిషింగ్ అంటే ఇంటిని ఫినిష్ చెయ్యడమో, ఇంటాయన్ని ఫినిష్ చెయ్యడమో దామోదర్‌కి అప్పటికింకా తేలలేదు.

ఒక శనివారం అందరూ కలిసి చూడ్డానికి వెళ్లారు. చక్రపాణిగారు చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, "సైట్ మీద మనిషేరీ?" అన్నారు.

"వీకెండ్స్ నేనొస్తా మావయ్యగారూ. వెండెల్ అని లాగ్ కార్పెంటర్ ఉన్నాడు. తలుపులూ కిటికీలూ ఆయనే బిగించాడు. ఇప్పుడు ఇంకో ఇంటిపని మీద మోంటానా వెళ్లాడు. నెలన్నరలో వస్తాడు."

"అంటే సైట్ మీద ఎవరూ లేరా?" ఆయన వయసు అక్కడికక్కడ పదేళ్లు తగ్గింది. "అలా వదిలేస్తే దుంగల ఇల్లు దొంగల ఇల్లయిపోతుంది అల్లుడుగారూ! మీ అత్తయ్యా నేనూ ఇక్కడే ఉంటాం."

"ఇక్కడా? ఇక్కడ టీవీ కూడా లేదు నాన్నా" అంది దమయంతి.

"మీ అమ్మ ఉందిగా. ఆపడానికి బటనుండదు, అంతే తేడా."

కనకదుర్గగారు ఆ మాటకు ఒక చూపు చూసి, ఎందుకైనా మంచిదని తెచ్చిన బియ్యం మూటా పచ్చడి సీసాలూ కారులోంచి దింపించుకున్నారు.

సోమవారం పొద్దున్నే కాఫీ తాగి, టేపు జేబులో వేసుకుని చక్రపాణిగారు తనిఖీకి బయల్దేరారు. దుంగ దుంగనీ వేలితో కొట్టి చూశారు. మూలల్లో గాడి చూశారు. వెండెల్ పనివాడే అనుకున్నారు. వీధి గుమ్మం దగ్గరికొచ్చి తలెత్తి చూశారు. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది.

ద్వారబంధానికీ దాని పైదుంగకీ మధ్య సందు ఉంది. వేలు పట్టే సందు కాదు, నాలుగు వేళ్లూ పట్టే సందు. టేపు పెడితే మూడంగుళాలు! అందులో గులాబిరంగు దూది కుక్కి ఉంది. పరుగున కిటికీ దగ్గరికి వెళ్లారు. కిటికీలోనూ అదే కిటుకు. పక్క కిటికీ, ఆ పక్కది, వంటింటి తలుపు... పదకొండు కిటికీలు, మూడు తలుపులు. వెరసి పద్నాలుగు సందులు. సందు దొరికిన చోటల్లా దూది దూర్చేశాడు మహానుభావుడు. దానిమీద ట్రిమ్ చెక్క కొట్టేస్తే ఇక ఎవడు చూడొచ్చాడు!

"దుర్గా! ఇట్రా. చూశావా దొరగారి దొంగతెలివి!"

చక్రపాణిగారికి ఇది కొత్తకాదు. ఇరవయ్యేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు హాస్టలు కడుతూ, గుమ్మానికీ లింటెల్‌కీ మధ్య ఇలాగే ఖాళీ వదిలి, గోనెగుడ్డలు కుక్కి, పైన పూత పూసేశాడు. ఈయన చేతికర్రతో పొడిచి, గోనెగుడ్డ బయటికి లాగి, నలుగురి ముందూ దాన్ని ఆ కాంట్రాక్టరు భుజమ్మీద కండువాలా కప్పారు. సర్వీసు మొత్తంలో ఆయనకు అంత గొప్ప సన్మానం మరొకటి జరగలేదు, అది ఇంకొకడికి చేసినదైనా.

కనకదుర్గగారు నడుం మీద చేయి వేసుకుని పైకి చూశారు. "ఏవండీ, దొంగతనం ఇంత పద్ధతిగా ఎవరైనా చేస్తారా? పద్నాలుగు చోట్లా ఒకే కొలతన ఉందంటున్నారు. ఒక్కసారి అల్లుణ్ణి అడగండి."

"అల్లుడికేం తెలుసు? కంప్యూటర్లో కిటికీలు తెరవడం తప్ప ఇంట్లో కిటికీల గురించి అతనికేం తెలుసు? అతను వాణ్ణే అడుగుతాడు. వాడేదో చెప్తాడు. అడిగి తెలుసుకునేది గుమాస్తా పని. చూసి తెలుసుకునేది ఇంజనీరు పని."

"పోనీ ఆ దూది మాత్రం తీయకండి. ఎందుకు పెట్టాడో ఏమో."

తీశారు. మూడు రోజులపాటు తీశారు. షెడ్డు వెనక మిగిలిపోయిన గట్టిచెక్క ఉంది. దాన్ని కొలతకు కోసి, ఒక్కో సందులో ముక్కలు పెట్టి, సుత్తితో కొట్టి కొట్టి, ఇక సూది కూడా దూరదన్నంత బిగించారు. ఆ పింకు దూది దూది కాదు, గాజునూలు. చేతుల మీదా మెడ మీదా దద్దుర్లు లేచి, పగలు పనీ సాయంత్రం గోకుడూ అయిపోయింది. కనకదుర్గగారు కొబ్బరినూనె రాస్తూ, "దురదృష్టం అంటే ఇదేనేమో, ముందు దురద వచ్చింది" అన్నారు. చక్రపాణిగారికి నవ్వొచ్చింది. చాలా రోజులైంది ఆయన నవ్వి.

అంతటితో ఆగారా? గోడవారన ట్రిమ్ చెక్కలు కొలతలకు కోసి, ఏది ఏ కిటికీకో రాసి దొంతర పెట్టి ఉన్నాయి. వాటినీ కొట్టేశారు. పైన దుంగకీ, కింద చట్రానికీ, రెంటికీ కలిపి మూడంగుళాల మేకులు. కదిలితే ఒట్టు.

శుక్రవారం సాయంత్రం కారు దిగి లోపలికొచ్చిన దామోదర్ నోరు తెరిచి, గరాజ్ తలుపులా అలాగే ఉండిపోయాడు. పద్నాలుగు చోట్లా ట్రిమ్! మూలలు అతుకు తెలియకుండా కలిశాయి. మేకు తలలు వరసగా దారం పట్టినట్టున్నాయి.

"మావయ్యగారూ! ఇదంతా మీరే చేశారా? ఒక్కరే? ఇది ప్రొఫెషనల్ వర్క్ అండీ!"

ఫొటోలు తీశాడు. ఆఫీసులో అందరికీ పంపాడు. ఆ తర్వాత ఇంకో వింత జరిగింది. "మావయ్యగారూ, మెట్లకి కటకటాలు బెరడుతోనే పెడదామా, తీసేసి పెడదామా? మీరేమంటారు?" అన్నాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అల్లుడు 'మీరేమంటారు' అనడం అదే మొదలు. చక్రపాణిగారు ఆ ప్రశ్నని నోట్లో చక్కెరబిళ్లలా కాసేపు ఉంచుకున్నారు. తర్వాత బెరడు తీసేయమన్నారు.

ఆ నెలన్నర చక్రపాణిగారిదే రాజ్యం. బయటి రంగునూనె ఏ ఛాయ వెయ్యాలో ఆయన్నే అడిగారు. పొయ్యిగూడు రాయి ఆయనే ఎంచారు. అల్లుడు స్నేహితులకు ఫోన్లో "మా చీఫ్ ఇంజనీర్" అని చెప్తుంటే, తాను ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగానే రిటైరైన సంగతి ఆయన సరిదిద్దలేదు. అమెరికా వచ్చి ప్రమోషను కొట్టిన రిటైర్డు ఉద్యోగి బహుశా ఆయనొక్కరే.

సెప్టెంబరు చివర్లో వెండెల్ వచ్చాడు. అరవయ్యేళ్లవాడు, తెల్లగడ్డం, చెవి వెనక పెన్సిలు. ఒక ఆదివారం దామోదర్‌నీ చక్రపాణిగారినీ వరండాలోకి తీసుకెళ్లి, స్తంభాల అడుగున మోకాళ్లమీద కూర్చున్నాడు. ప్రతి స్తంభం కిందా ఇనుప మరజాకీ ఉంది. పెద్ద పానాతో దాన్ని పావుచుట్టు తిప్పి స్తంభాన్ని దించాడు.

"ఇదెందుకూ?" అన్నాడు దామోదర్.

వెండెల్ చెప్పింది చక్రపాణిగారికి మాట మాటా అర్థమైంది. ఆయన ఇంగ్లీషు మాట్లాడటంలో తడబడతారేమో గానీ వినడంలో ఎప్పుడూ తడబడరు. పచ్చిదుంగ ఆరేకొద్దీ సన్నబడుతుందిట. ఒక్కో దుంగ ఇంతింత సన్నబడితే గోడంతా కలిపి మూడేళ్లలో మూడంగుళాల దాకా కిందికి దిగుతుందిట. ఇల్లు మెల్లిగా సెటిలవుతుందిట. మన పిల్లలు ఒక ఉద్యోగమొస్తే సెటిలైపోతారు, ఈ ఇంటికి మూడేళ్లు పడుతుందన్నమాట. గోడ దిగుతుంది గానీ స్తంభం దిగదు. అందుకే జాకీ. తలుపు చట్రం, కిటికీ చట్రం కూడా దిగవు. అందుకే వాటి నెత్తిన సందు వదిలి, చలి రాకుండా మెత్తటిది కూరుతారు. ట్రిమ్ చెక్కని పైదుంగకు మాత్రమే కొడతారు, గోడతోపాటు జారడానికి.

"ట్రిమ్ ఎవరు చేశారు? చాలా చక్కటి పని" అన్నాడు వెండెల్. "సందు అలాగే ఉంచారుగా?"

"మా మామగారు సివిల్ ఇంజనీర్!" అన్నాడు దామోదర్, ఇక అడగాల్సిందేముంది అన్నట్టు.

వెండెల్ తల ఊపాడు. చక్రపాణిగారు కూడా ఊపారు. ఎటు ఊపారో ఆయనకే తెలియలేదు.

మర్నాడు పిల్లలు బాతెల్ వెళ్లిపోగానే సుత్తి తీసుకుని వీధి గుమ్మం ఎక్కారు. తాను కొట్టిన మేకు తానే పీకబోతే అది 'నువ్వెవరూ?' అన్నట్టు చూసింది. ఒక మూల చెక్క కాస్త లేపి లోపలి ముక్కని పక్కనుంచి కొట్టి చూశారు. ఖంగుమంది. రాయిలా ఉంది. అప్పటికే ఇల్లు దానిమీద కూర్చుంది. ఏనుగు కూర్చున్నాక దాని కింద నుంచి పీట లాగడం ఎవరి తరం?

"చెప్పేయండి" అన్నారు కనకదుర్గగారు.

చెప్పేద్దామనే ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, మీతో ఒక మాట..."

"మావయ్యగారూ, వన్ సెకండ్! మీ గురించే చెప్తున్నాను మా మేనేజర్‌కి. ఆయనకూ ఇలాంటి దుంగల క్యాబిన్ ఉంది, ఆ ట్రిమ్ ఫొటోలు చూసి పడిపోయాడు. స్పీకర్లో పెడుతున్నా, హలో చెప్పండి."

చక్రపాణిగారు హలో చెప్పారు. చెప్పాల్సింది హలోలో కలిసిపోయింది.

అప్పట్నుంచి ఆయన రోజూ పొద్దున్నే టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టారు. పొయ్యిలో మంట పెరిగేకొద్దీ దుంగలు ఆరుతున్నాయి. గోడ దిగుతోంది. రోజుకో వెంట్రుకవాసి, కొన్ని రోజులు రెండు. దాన్ని ఆపే ఉత్తర్వు ఏ శాఖా ఇవ్వలేదు. మొదట స్నానాలగది కిటికీ బిగుసుకుంది. "ఆ మూల కిటికీ తెరవకూడదమ్మా, వాస్తు" అన్నారు దమయంతితో. తర్వాత వంటింటి తలుపు. "అది ఈ ఏడాది వాడకూడదు. మన నక్షత్రాలకి పడదు." ఆ తర్వాత మూడో తలుపూ నాలుగు కిటికీలూ ఒకేసారి. వాస్తుకి దిక్కులు చాలక, దిక్కుతోచక, "చలికాలం కదా, తెరవడమెందుకు?" అన్నారు. వాస్తు అంటేనే మండిపడే మనిషి ఇన్ని వాస్తులు చెప్తుంటే దమయంతి తల్లి వైపు చూసింది. కనకదుర్గగారు కూరగాయల వైపు చూశారు.

తలుపుల్లో మిగిలింది వీధి తలుపు. అది పైన రాసుకోవడం మొదలెట్టగానే ఆయన చిత్రిక పట్టారు. వారానికి మళ్లీ రాసుకుంది, మళ్లీ పట్టారు. తలుపూ సన్నబడుతోంది, ఆయనా సన్నబడుతున్నారు. చివరికి దాన్ని మూయడమే మానేశారు. అక్టోబరు చలిలో, మంచుగాలి తిన్నగా హాల్లోకి వచ్చి కూర్చుంటుంటే, కనకదుర్గగారు రెండు శాలువాలూ ఒక దుప్పటీ కప్పుకుని పప్పు తిరగమోత పెట్టేవారు. తలుపు తెరిచి ఉంది, తలపు మాత్రం మూతపడదు. ఏ పక్కన పడుకున్నా అదే తలపు.

దామోదర్ గృహప్రవేశం పెట్టాడు. కార్తీకమాసం, శనివారం, ఉదయం తొమ్మిదీ పన్నెండుకు ముహూర్తం. ప్రవేశం ఆగస్టులోనే అయిపోయింది, గృహప్రవేశమే మిగిలింది. బాతెల్ నుంచి ఎనిమిది కుటుంబాలు కార్లలో కొండ దాటి వచ్చాయి, పురోహితుడు కూడా. వెండెల్‌నీ పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేత్తో చెక్కిన చెక్కగిన్నె ఒకటి కానుకగా తెచ్చాడు.

కనకదుర్గగారు లోపల పులిహోర కలుపుతున్నారు. మిగతా అందరూ గుమ్మం ముందు గుమిగూడారు. దమయంతి చేతిలో పాలగిన్నె, దామోదర్ చేతిలో దేవుడి పటం.

పురోహితుడు చుట్టూ చూశాడు. "తలుపు మూసి ఉండాలండీ. దంపతులు తెరుచుకుని కుడికాలు లోపల పెట్టాలి."

"వద్దండీ!" అన్నారు చక్రపాణిగారు, గుమ్మానికి అడ్డం వెళ్లి. "తెరిచిన తలుపు... మంచిది కదండీ. లక్ష్మి వస్తుంది."

"లక్ష్మి రావడానికే కదా తెరవడం? తెరవాలంటే ముందు మూసి ఉండాలి కదా?"

"కొంచెం దగ్గరికి వేద్దాం. పూర్తిగా వద్దు."

"సగం ప్రవేశం ఉండదండీ గృహప్రవేశంలో" అన్నాడు పురోహితుడు. జనం నవ్వారు.

దామోదర్ స్నేహితుడు శ్రీకాంత్ రోజూ జిమ్‌కి వెళ్లే మనిషి. "అంకుల్, జరగండి, నేను వేస్తా" అని, పిడి పట్టుకుని లాగాడు. తలుపు పైన రాసుకుని ఆగింది. "కొంచెం టైట్ ఉంది" అంటూ రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. ధబ్బున మూసుకుంది.

తొమ్మిదీ పన్నెండు. మంత్రం అందుకున్నారు. దామోదర్ పిడి తిప్పి తోశాడు. మళ్లీ తోశాడు. దమయంతి పాలగిన్నె పక్కకు జరిపి తానూ ఒక చేయి వేసింది. శ్రీకాంత్ భుజం ఆనించాడు. తలుపు గోడలో గోడైపోయింది.

"అత్తయ్యా, లోపల్నుంచి లాగండి!"

"లాగుతున్నానయ్యా! రావడం లేదు!" అని వినిపించింది లోపల్నుంచి.

"వెనక వంటింటి డోర్ తీయండి అత్తయ్యా!"

"అదెప్పుడో పోయిందిగా!"

"పోవడమేంటి? వాస్తు కాదా?" అంది దమయంతి.

లోపల్నుంచి గరిట చప్పుడు వినిపించింది. పురోహితుడు వాచీ చూసుకున్నాడు. పిల్లలు చలికి ముక్కులు ఎర్రబడి వణుకుతున్నారు. దామోదర్ మొహం వాళ్ల ముక్కుల కంటే ఎర్రబడింది. గిర్రున వెండెల్ వైపు తిరిగి ఇంగ్లీషులో అందుకున్నాడు. "ఈ తలుపు బిగించింది మీరే కదా? ఆర్నెల్లు కాలేదు! అందరి ముందూ ఇదా? నేను మిమ్మల్ని ఎంత నమ్మాను!"

వెండెల్ ముందుకొచ్చి, ట్రిమ్ చెక్క మీద వేలిముడితో కొట్టాడు. ఒకచోట, ఇంకోచోట. చెవి పెట్టి విన్నాడు. మేకుల వరస చూశాడు. తర్వాత తల తిప్పి చక్రపాణిగారి కళ్లలోకి చూశాడు. అతనికి తెలిసిపోయింది. చక్రపాణిగారికి అది తెలిసింది. అయినా ఆ మనిషి, "లోపల ఏదో ఉంది. కోసి చూడాలి" అని మాత్రం అని ఊరుకున్నాడు.

"మీవాళ్లే ఏదో చేసుంటారు! ఇక మీరు రానక్కర్లేదు" అన్నాడు దామోదర్.

"ఐ హావ్ డన్ ఇట్" అన్నారు చక్రపాణిగారు.

ఎవరూ పట్టించుకోలేదు. దామోదర్ మాత్రం, "మావయ్యగారూ, మీది పెద్దమనసు. కానీ తప్పు చేసినవాణ్ణి మీరు వెనకేసుకు రాకండి" అన్నాడు.

"వెనకేసుకు రావడం కాదు అల్లుడుగారూ. నేనే చేశాను. ఆ సందు చూసి దొంగపని అనుకున్నాను. దూది తీసేసి చెక్కముక్కలు కొట్టాను. పద్నాలుగు చోట్లా కొట్టాను. అతని తప్పు వీసమంత లేదు."

"ఊరుకోండి మావయ్యగారూ, మీకు తెలియకుండా ఎలా ఉంటుంది? మీరు ఇంజనీరు..."

అప్పుడు తలుపు మాట్లాడింది. "నేను ఆ రోజే చెప్పానండీ, ఆ దూది జోలికి పోవద్దని! చెప్పలేదా? అల్లుణ్ణి అడగమన్నానా లేదా?"

గుమ్మం ముందు ముప్ఫైమంది ఉన్నారు. అందరూ విన్నారు. దామోదర్ దేవుడి పటాన్ని పక్కవాళ్ల చేతికిచ్చి, మామగారిని చూశాడు, ట్రిమ్‌ని చూశాడు. వెండెల్‌కి సారీ చెప్పాడు. మామగారికి ఏమీ చెప్పలేదు.

వెండెల్ ట్రక్కులోంచి రంపం తెచ్చాడు. ట్రిమ్ ఊడదీసి, ముక్కలు కోసి, తలుపు తీసేసరికి పదకొండుం పావు. పురోహితుడు మధ్యాహ్నం అభిజిత్ లగ్నం మంచిదన్నాడు. కుడికాళ్లు లోపలికెళ్లాయి, పాలు పొంగాయి, పులిహోర అయిపోయింది. దామోదర్ స్వయంగా వచ్చి, "ఇంకాస్త వేసుకోండి మావయ్యగారూ" అని వడ్డించాడు. చక్రపాణిగారికి తిట్టి ఉంటే బాగుండుననిపించింది. తిట్టులో కనీసం తన పేరు ఉంటుంది.

మూడింటికల్లా చుట్టాలూ స్నేహితులూ కొండ దాటడానికి వెళ్లిపోయారు. వెండెల్ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, మిగతా పదమూడు చోట్లా ఇవాళే విప్పుదామన్నాడు. ఆలస్యమైతే చట్రాలు పోతాయి. దామోదర్ కాగితం పట్టుకుని అతని వెంట నడిచాడు. చక్రపాణిగారూ లేచారు. ఎక్కడ ఎన్ని ముక్కలున్నాయో చెప్పగలిగింది ఆయనొక్కరే.

"మీరు కూర్చోండి మావయ్యగారూ. మేం చూస్తాం."

కూర్చున్నారు. వంటింటి తలుపు వచ్చింది. స్నానాలగది కిటికీ వచ్చింది. హాల్లో చిన్న కిటికీలు ఒక్కొక్కటీ వచ్చాయి. రంపం చప్పుడూ చెక్కపొడీ ఇల్లంతా నిండాయి. ఆయన కుర్చీలోంచి ఒక్కో కిటికీని చూస్తూ, లోపలున్న ముక్కల్ని మనసులోనే లెక్కపెడుతున్నారు.

ఉత్తరం వైపు పెద్దకిటికీ దగ్గరికి వెళ్లారు. అక్కడ పైదుంగ కాస్త ఒంపు తిరిగి ఉంది. ఒంపుకి తగ్గట్టు ఎడమన రెండు లావుపాటి ముక్కలు, కుడిమూల ఒక్క సన్నముక్క కొట్టిన సంగతి ఆయనకు అరచేతి గీతలా గుర్తుంది. బరువంతా ఎడమ మీద ఉంది. అవి ముందు కోస్తే ఆ బరువు ఒక్కసారిగా కుడిమూలకు దిగుతుంది. ముందు కుడిది తీసేయాలి.

"అల్లుడుగారూ, అక్కడ ముందు కుడివైపు తీయించండి. ఎడమది ముట్టుకోవద్దనండి."

దామోదర్ వెనక్కి తిరగలేదు. "కూర్చోండి మావయ్యగారూ. ఆయనకు తెలుసు."

"తెలియదు. లోపలేముందో కనబడదుగా ఆయనకి. నా మాట వినండి, ఎడమది..."

"నాన్నా, ప్లీజ్" అంది దమయంతి మెల్లిగా. "ఇవాళ్టికి ఊరుకో."

"మిస్టర్ వెండెల్! రైట్ సైడ్ ఫస్ట్!" అని అరిచారు చక్రపాణిగారు. అప్పటికే వెండెల్ రంపం మోత వినబడకుండా చెవులకు డొప్పలు పెట్టుకున్నాడు, రంపం ఎడమవైపు దిగింది.

కాసేపటికి టప్‌మని ఒక చిన్న చప్పుడు వినిపించింది. అద్దం పైమూల నుంచి కిందిమూల దాకా ఒకే గీత. వెండెల్ రంపం ఆపి, గీతని వేలితో తడిమి, పైదుంగనీ కుడిమూలనీ చూసి ఏదో గొణుక్కున్నాడు. దామోదర్ కాగితం మీద రాసుకున్నాడు. చక్రపాణిగారు లేవబోయారు. పక్కనే కూర్చున్న కనకదుర్గగారు ఆయన మణికట్టు పట్టుకుని వదల్లేదు.

ఇద్దరూ తర్వాతి కిటికీ దగ్గరికి వెళ్లారు. వెండెల్ ఈసారి జాగ్రత్తగా, కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. ఆ కిటికీకి ముందు తీయాల్సింది ఎడమది.